నట్టు మీద పసుపు గీత

నూకాలు బండి ఆటోనగర్‌కి తనంతట తాను రాలేదు. ఇంకో ఆటో వెనకాల తాడుతో కట్టించుకుని, కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని వచ్చింది. పెళ్లికూతురి కళ్లలోంచి నీళ్లు కారతాయి, ఈ బండికి వెనక నుంచి మంచునీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్ల వెంట చేపల వాసన, ఆ వాసనకి రెండు గజాలు ముందు నూకాలు నోరు.

"మావా! ఓ రత్నరాజు మావా! సచ్చీసింది మావా ఇది మళ్లీ! పెట్రోలడగదు, గ్యాసడగదు అని అమ్మినోడు సెప్తే సంబరపడిపోనాను. ఇప్పుడు నా పేణం అడుగుతంది!"

రత్నరాజు షెడ్డులోంచి బయటికి వచ్చాడు. అరవై రెండేళ్ల మనిషి. డాక్‌యార్డులో ముప్పై రెండేళ్లు జలాంతర్గాముల బ్యాటరీలు బాగుచేసి రిటైరయ్యాడు. రిటైరయినా టైరు అరగలేదని చెప్పి ఆటోనగర్‌లో రేకుల షెడ్డు వేసుకుని, ఎవరి బ్యాటరీ మొరాయించినా దాని నాడి చూసి మందేస్తున్నాడు.

బండి పేరు తూనీగ. సరుకులు మోసే మూడు చక్రాల కరెంటు బండి. కొన్న కొత్తలో నిజంగానే తూనీగలా ఎగిరింది. ఏడాది తిరిగేసరికి తూనీగలో 'తూ' అనడం నూకాలుకి, ఈగలు చేపల బుట్టలకి మిగిలాయి. జాలరిపేట నుంచి హార్బరు, హార్బరు నుంచి ఉక్కునగరం క్వార్టర్లు, ఇదీ ఆమె రోజూ తిరిగే దారి. అక్కడ నలభై ఇళ్లు ఆమె చేప కోసం ఎదురుచూస్తాయి. తొమ్మిదిలోపు చేప గుమ్మంలో లేకపోతే ఆ ఇల్లాళ్లు చికెన్ కొట్టుకి ఫోన్ చేస్తారు. అంటే బండి తెర మీద ఎర్రర్ కోడు కనిపించిన రోజున క్వార్టర్లలో కోడి ఉడుకుతుంది.

"కంపెనీ వోళ్లకి సెప్పలేదేటి?" అన్నాడు రత్నరాజు.

"పదకొండు రోజులయింది సెప్పి. రోడ్డు మీదకి ఒకడొచ్చినాడు, బండి సుట్టూ గుళ్లో తిరిగినట్టు మూడుసార్లు తిరిగినాడు, ఫొటో తీసుకున్నాడు, టికెట్టు రైజు సేసినానన్నాడు. నాను సినిమా టికెట్టనుకున్నాను. ఆ తర్వాత ఒక రోజు నడుత్తది, ఒక రోజు ఆగిపోతది. ఫోన్ సేత్తే వారంటీలో ఉంది, వారంటీలో ఉంది అంటాడు."

వారంటీ అంటే ఏమిటో నూకాలుకి ఈ పదకొండు రోజుల్లో బాగా అర్థమయింది. 'వారం ఆగండి ఆంటీ' అనే మాటని పొట్టి చేస్తే వారంటీ.

"అయితే ఆగాల. వారంటీలో ఉన్నదాన్ని నాను ముట్టుకోకూడదు," అన్నాడు రత్నరాజు.

"డబ్బాలో వంజరం ఉంది మావా. మంచు మధ్యానానికి ఉండదు. పోయిన వారంలో ఆరిళ్లు ఒగ్గీసినాయి నన్ను. ఇంకో వారం ఇలగే అయితే నలభైకి నలభై పోతాయి. నాకు నూకాలని పేరెట్టినారు గానీ ఆ క్వార్టర్లలో నాకు నూకలు సెల్లిపోతన్నాయి."

పక్క షెడ్డులో వెల్డింగు చేసుకుంటున్న వాసు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వచ్చాడు.

"ఒల్లకో బావా! ఆళ్ల బండి జోలికెల్లకు. లోపల ఎక్కడో సీలుంటాది. సీలు పోయిందంటే ఆళ్లకి శీలం పోయినట్టే. రేపు పంచాయితీ నీ మీద పెడతారు."

"సీలుందో లేదో సూత్తే తప్పేటి?"

అలా చూడ్డానికి వంగాడు రత్నరాజు. ఎక్కడా సీలు లేదు. బ్యాటరీ నుంచి మోటారుకి వార్త మోసే తీగల కనెక్టరు మీద ఓ చిన్న మూత, దానికి నాలుగు నట్లు. అంతే. ఆ మూత కింద నుంచి పచ్చటి తుప్పు మీసంలా బయటికి వచ్చి ఆయన్ని పలకరించింది. ముప్పై రెండేళ్ల పాత స్నేహం. ఉప్పు గాలి, చేపల నీళ్లు, ఇత్తడి పిన్నులు ఒక చోట చేరితే ఏమవుతుందో ఆయన్ని నిద్రలో అడిగినా చెప్తాడు.

"ఇది జబ్బే కాదమ్మా, జలుబు," అన్నాడు.

"జలుబుకి పదకొండు రోజులేటి? ఇప్పు మావా."

ఇప్పాడు. పాత టూత్‌బ్రష్షు, కాస్త స్పిరిట్టు. పిన్నులు తోమితే బంగారంలా మెరిశాయి. ఉప్పునీరు అంటకుండా గ్రీజు పూశాడు, మూత పెట్టాడు, నాలుగు నట్లూ బిగించాడు. చొక్కా జేబులోంచి పసుపు పెయింటు పెన్ను తీసి ఒక్కో నట్టు మీద ఒక్కో గీత గీశాడు. నట్టు మీద నుంచి మూత మీదికి, తెగకుండా, ఒకే గీత.

ఈ గీత ఆయనకి అలవాటు కాదు, అవయవం. చర్చికి వేసుకెళ్లే తెల్ల చొక్కా జేబు మీద కూడా పసుపు మరకే. ఆయన భార్య ప్రసన్నకుమారి ఆ మరక వదిలించలేక మొగుణ్ణి వదిలేద్దామా అని రెండుసార్లు ఆలోచించింది. డాక్‌యార్డులో గీత లేని నట్టు బిగించని నట్టు కిందే లెక్క. నట్టు కదిలితే గీత తెగుతుంది. సముద్రం అడుగున చీకట్లో నావికుడు టార్చి వేసి చూస్తాడు. గీత తిన్నగా ఉంటే గుండె మీద చెయ్యి వేసుకుని పడుకుంటాడు. గీత గీసినవాడు, 'ఇది నేను బిగించాను, ఏదైనా అయితే నన్ను పిలవండి' అని సంతకం పెట్టినట్టు. నుదుటి మీద గీత ఎవరు గీశారో అడగడానికి మనకి దారి లేదు గానీ, నట్టు మీద గీత గీసినవాణ్ణి అడగొచ్చు. రిపేరన్నాక అందులో ఒక పేరుండాలి. అదీ రత్నరాజు నమ్మకం.

తాళం తిప్పగానే తెర వెలిగింది. మోటారు గుర్రుమంది. నూకాలు చప్పట్లు కొట్టింది. వాసు కూడా కొట్టబోయి, తెర వంక చూసి ఆగిపోయాడు.

తెర మీద ఎర్రటి తాళంకప్ప బొమ్మ, దాని పక్కన తాబేలు బొమ్మ. కింద ఇంగ్లీషులో ఏదో.

"మూత తెరవబడినది, కంపెనీని కలవండి అంటంది," చదివాడు వాసు. "పది కిలోమీటర్ల స్పీడు దాటి ఎల్లనివ్వదంట. తూనీగని తాబేలు సేసినారు బావా! కథల్లో మునులు సెయ్యాల ఇలాటిది!"

రత్నరాజు యాక్సిలరేటరు తిప్పి చూశాడు. బండి ఆరోగ్యంగా ఉంది. నడక మాత్రం ఖైదీ నడక. తుప్పు పోయింది, తాళం పడింది. తుప్పుకి బ్రష్షుంది, తాళానికి కంపెనీ లాప్‌టాప్ కావాలి.

ఆ రోజు వంజరం క్వార్టర్లకి చేరలేదు. నూకాలు షెడ్ల మధ్యే గోనె పరిచి, అయినకాడికి అమ్మేసింది. ఆటోనగర్‌లో ఆ మధ్యాహ్నం గ్రీజు చేతులన్నీ చేప ముళ్లే తీశాయి.

మర్నాడు ఇద్దరూ తాబేలు మీద సర్వీసు సెంటరుకి బయల్దేరారు. నాలుగు కిలోమీటర్లకి అరగంట పట్టింది. సైకిలు మీద కొబ్బరిబొండాలు మోసుకెళ్లేవాడు వాళ్లని దాటి వెళ్తూ వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

సెంటరు అద్దాల మేడ. లోపల ఏసీ, గోడ మీద నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ. ఆ కుటుంబం బండి ఎప్పుడూ పాడవలేదని నవ్వు చూస్తేనే తెలుస్తుంది. సాయిశంకర్ అనే కుర్ర సర్వీసు అడ్వైజరు వచ్చి లాప్‌టాప్ తగిలించాడు, బండి కిందికి వంగాడు, పైకి లేచాడు. లేచేటప్పటికి మొహం మారిపోయింది.

"ఎవరో ఓపెన్ చేశారు మేడమ్. నట్ల మీద మార్కింగ్ ఉంది. మా టెక్నీషియన్లు మార్కింగ్ చెయ్యరు."

"మరి ఏటి సేత్తారు?" అన్నాడు రత్నరాజు, నిజంగా తెలుసుకోవాలనే.

"బిగిస్తారు సార్."

"బిగించినట్టు ఎలగ తెలుత్తది?"

సాయిశంకర్‌కి శిక్షణలో ఆ ప్రశ్న రాలేదు. అతను అటూ ఇటూ చూసి, వాళ్లిద్దర్నీ బండితో సహా మేడ వెనక్కి తీసుకెళ్లాడు. అద్దాలు దాటగానే అతని తెలుగు కూడా ఏసీలోంచి ఎండలోకి వచ్చింది.

"అంకుల్, నాదీ గాజువాకే. నా మాటినండి. మూత తెరిసినట్టు సిస్టమ్‌లో ఉంది గాని, ఎవలు తెరిసినారో నేదు. మొన్న రోడ్డు మీదకొచ్చినోడే తెరిసినాడని నాను రాసీగల్ను. మూడు గంటలకి హైదరాబాద్ నుంచి వీడియో కాల్ వత్తది. ఆళ్లు నట్లు సూసి సరే అంటే తాళం తీసేత్తారు, కనెక్టరు కూడా కొత్తది ఏసేత్తాం, ఉత్తినే. కాపోతే ఆ పసుపు గీతలు ఉండకూడదు. థిన్నరు అదిగో, గుడ్డ అదిగో. నాను సూళ్లేదు."

"గీతలుంటే?" అంది నూకాలు.

"బయటోళ్లు ముట్టుకున్న బండి. వారంటీ క్యాన్సిలు. తాళం తియ్యరు. తియ్యాలంటే బ్యాటరీ సెట్టు మొత్తం కొత్తది కొనుక్కోవాల. అది బండిలో సగం రేటుంటది ఆంటీ."

నూకాలు రత్నరాజు వంక తిరిగింది. ఆ చూపులో నలభై ఇళ్ల గుమ్మాలున్నాయి.

"తుడిసీ మావా."

రత్నరాజు కదల్లేదు. చేసిన దొంగతనం దాచమంటే ఆయనకి ఇంత కష్టంగా ఉండేది కాదేమో. చేసిన పని దాచమంటున్నారు. అదీ సరిగ్గా చేసిన పని. ముప్పై రెండేళ్లలో గీత గీయని నట్టు ఆయన చేతిలోంచి వెళ్లలేదు. గీసిన గీత తుడిచింది అసలే లేదు. కోపం వచ్చింది. ఆ కోపం సాయిశంకర్ మీదా? వాడు పాపం దారి చూపిస్తున్నాడు. నూకాలు మీదా? ఆమె బండి ఆమె ఇప్పించుకుంది. లాప్‌టాప్ మీదా? దానికి చెవుల్లేవు. ఎవరి మీద పెట్టాలో తెలియని కోపం ఆ ఎండలో ఆయన నెత్తి మీదే కూర్చుంది.

"మావా, నీకు దండమెడతాను. గీతే గదా! నా తలరాత తుడిసిపెట్టుకుపోతంటే నువ్వు గీత కోసం నిలబడతావేటి?"

"తుడుత్తానులే," అన్నాడు ఆయన.

బండి కిందికి దూరాడు. థిన్నరు గుడ్డతో మొదటి నట్టు తుడిచాడు. గీత పసుపు నీళ్లయి వేళ్ల సందున కారింది. రెండోది. మూడోది. ఒక్కోటి తుడుస్తున్నప్పుడల్లా ఆ నట్టు బోసిపోయి, దిక్కులేనట్టు ఆయన వంక చూస్తోంది. నాలుగోది తుడుస్తుంటే గుడ్డ కింద చిన్నగా కదిలినట్టు అనిపించింది. దారంతా గతుకుల్లో పడ్డ బండి. రబ్బరు మూత అణిగి నట్టు కాస్త వదులైంది. ఇలాగే వదిలేస్తే లోపలికి మళ్లీ ఉప్పునీళ్లు. ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. స్పానరు తీశాడు, పావు తిప్పు బిగించాడు, చేతులు తమ పని తాము ముగించుకున్నాయి. బయటికి వచ్చి థిన్నరు డబ్బా మూత పెట్టేశాడు.

"అయిపోయిందా?" అంది నూకాలు.

"అయిపోయింది," అన్నాడు ఆయన, మొహం అటు తిప్పుకుని.

మూడు గంటల కాల్ నాలుగింటికి వచ్చింది. సాయిశంకర్ ఫోన్ తెర మీద మనిషి మొహం లేదు. ఒక నీలం గుండ్రం, దాని కింద 'వారంటీ డెస్క్ టూ' అని అక్షరాలు. గుండ్రంలోంచి గొంతు వచ్చింది, చాలా మర్యాదగా.

"గుడాఫ్టర్నూన్. నట్స్ చూపించండి."

సాయిశంకర్ ఫోన్ బండి కింద పెట్టాడు. "మొదటిది... నీట్ సార్. రెండోది... నీట్. మూడోది... నీట్. నాలుగోది..."

సాయిశంకర్ ఫోన్ వెనక్కి లాగబోయాడు.

"అదేంటండీ ఎల్లోగా?" అంది గుండ్రం.

నూకాలు వంగి చూసింది. నాలుగో నట్టు మీద పసుపు గీత. పాతది కాదు. పెళ్లి శుభలేఖ మీద పెట్టిన పసుపులా తడిగా, తళతళా మెరుస్తోంది.

ఆమె లేచి రత్నరాజు వంక చూసింది. రత్నరాజు తన చొక్కా జేబు వంక చూసుకున్నాడు. పెన్ను మూత తీసే ఉంది. జేబు మీద కొత్త మరక.

"ఏటి మావా ఇది?"

"నట్టు కదిలింది... బిగించినాను," అన్నాడు ఆయన, తనకే చెప్పుకుంటున్నట్టు. "బిగించినాను గదా. గీసీసినానేమో."

"హలో, అక్కడ ఎవరు మాట్లాడేది?" అంది గుండ్రం. "ఈ వెహికల్ ఎవరు ఓపెన్ చేశారు?"

సాయిశంకర్ తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పొద్దని. నూకాలు కళ్లు మూసుకుంది.

రత్నరాజు ఫోన్ దగ్గరికి వంగాడు. "నాను. బొంతు రత్నరాజు. ఆటోనగర్. పిన్నులకి తుప్పు పట్టింది, తోమినాను. ఇప్పుడు ఒక నట్టు వదులైతే బిగించినాను. బండి బాగుంది. కావాలంటే నడిపి సూసుకోండి."

"బాగుందా లేదా అన్నది కాదండీ ఇష్యూ. మీరు ఆథరైజ్డ్ కాదు."

"బాగుసేసినోడికి అధికారం లేదు, అధికారం ఉన్నోడు బాగుసెయ్యలేదు. పదకొండు రోజులు. మరేటి సెయ్యాల ఈ పిల్ల?"

"పాలసీ అలా ఉందండీ."

"పాలసీ అని పేరెట్టుకుని నీళ్లు కూడా పొయ్యరేటి మీరు!" అంది నూకాలు.

గుండ్రం దగ్గింది. "కేసు క్లోజ్ చేస్తున్నాను."

"ఆగండి బాబూ," అన్నాడు రత్నరాజు. "నాను నా పేరు సెప్పినాను. తాళం ఎయ్యమన్నోరి పేరు కూడా సెప్పండి. రేపు ఈమె ఎవలి గుమ్మంలోకెల్లి అడగాల?"

"వ్యక్తులెవరూ లాక్ చెయ్యరండీ. సిస్టమ్ చేస్తుంది."

"ఆ సిస్టమ్ ఇంటిపేరేటి?"

గుండ్రం ఆరిపోయింది.

పది నిమిషాల్లో కాగితం ప్రింటయి వచ్చింది. సాయిశంకర్ తలెత్తకుండా చదివి చెప్పాడు. బయటి వ్యక్తి జోక్యం వలన వారంటీ రద్దు. తాళం యథాతథం. అసౌకర్యానికి చింతిస్తున్నాము. అడుగున, ఇది కంప్యూటరు తయారుచేసిన లేఖ కాబట్టి సంతకం అవసరం లేదు.

"సంతకం అవసరం లేదంట," అన్నాడు రత్నరాజు. "ఇంత పెద్ద మాట రాసి, ఎవలూ ఒక గీత గియ్యలేదు సూడు."

"నువ్వు గీసినావు గదా, అది సాలు!" నూకాలు పేలింది. "ముప్పై రెండేళ్లు నేవీలోన ఏటి నేర్పినారు నీకు? తుడిసీడం కూడా రాదేటి? మూడు తుడిసినోడివి నాలుగోది తుడవలేవా? పోనీ తుడిసినావు, మళ్లీ గియ్యడమేటి మావా, ముగ్గనుకున్నావేటి?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. రత్నరాజుకి తను చేసినదాంట్లోనూ తప్పు దొరకడం లేదు. రెండు ఒప్పుల మధ్య ఒక ఆడమనిషి బతుకు నలిగిపోతుంటే ఏ స్పానరు పెట్టి తిప్పాలో ఆయనకి తోచలేదు.

"నడు," అంది నూకాలు. "కూకో బండిలోన. ఇంటికెల్దాం. ఇది తాబేలే గానీ నాదే."

ఇద్దరూ బయల్దేరారు. సాయంత్రం. హైవే నిండా షిఫ్టు దిగిన బస్సులు, పోర్టుకి పోయే బొగ్గు లారీలు. పది కిలోమీటర్ల వేగంతో తూనీగ పాకుతోంది. వెనక హారన్లు మొదలయ్యాయి. ముందు మర్యాదగా, తర్వాత కోపంగా, ఆ తర్వాత రాగాలు తీస్తూ. నూకాలు మాట్లాడలేదు. నూకాలు మాట్లాడకపోవడం రత్నరాజు మొదటిసారి వినడం. హారన్ల కంటే అదే ఎక్కువ మోత మోగింది.

గోపాలపట్నం మలుపు దగ్గర ఒకావిడ సంచి ఊపుతూ రోడ్డు మీదికి వచ్చింది. "సేపలున్నాయేటి? వంజరం ఉందేటి?"

"లేవమ్మా!" అరిచింది నూకాలు. "డబ్బా నిండా ఉన్న రోజున ఒక్కర్తివీ ఎదురు రావు! లేని రోజున సంచులట్టుకుని వత్తారు!"

ఆవిడ బెదిరి వెనక్కి జరిగింది. నూకాలు కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో, కన్నీళ్లో రత్నరాజు చూడలేదు, చూడలేకపోయాడు.

"రేపట్నుంచి మూడున్నరకి ఎల్లాల హార్బరుకి," అందామె ముందుకి చూస్తూనే. "అక్కణ్ణుంచి క్వార్టర్లకి ఇరవై కిలోమీటర్లు. రెండు గంటలు దారిలోనే పోతాయి. మంచు ఎక్కువ కొనాల. తొమ్మిదిలోపు ఎన్ని ఇళ్లు తిరగ్గలిగితే అన్నే. మిగతాయి పోతాయి. పోనీ."

"నాను వత్తాను," అన్నాడు రత్నరాజు.

"వచ్చి ఏటి సేత్తావు? గీతలు గీత్తావా?"

"బేరం రాదు గానీ, బుట్టలు మోత్తాను."

ఎన్నేడీ కూడలి వంతెన ఎదురొచ్చింది. ఎత్తు మీదికి సగం ఎక్కేసరికి బండి ఇంక నావల్ల కాదంది. మోటారుకి బలముంది. ఆ బలం ఎంత వాడాలో ఎక్కడో ఉన్న గుండ్రం నిర్ణయించేసింది. రత్నరాజు దిగాడు. వెనక్కి వెళ్లి రెండు చేతులూ పెట్టి తొయ్యడం మొదలుపెట్టాడు. అరవై రెండేళ్ల మోకాళ్లు కటకటలాడాయి. వెనక లారీలు, కార్లు, ఒక పెళ్లి బస్సు, అన్నీ వంతెన కింద దాకా బారులు తీరాయి.

ఆ బారులో ముందున్న లారీలోంచి డ్రైవరు సగం బయటికి వేలాడి అరిచాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ! పాడైపోయిన బండి రోడ్డెక్కిత్తారేటి? బాగు సేయించుకోవచ్చు గదా!"

పొద్దున్నుంచి రత్నరాజు నెత్తి మీద కూర్చున్న కోపం అప్పుడు లేచి నిలబడింది. ఆయన తొయ్యడం ఆపలేదు. మెడ ఒక్కటే వెనక్కి తిప్పి, జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"బాగానే ఉందిరా! బాగానే ఉంది! బండి బాగానే ఉంది!"

హారన్ల మోతలో ఆ మాట లారీ దాకా వెళ్లలేదు. ముందు సీట్లో నూకాలుకి మాత్రం వినిపించింది. ఆమె హ్యాండిలు ఒక చేత్తో పట్టుకుని కిందికి దిగింది, కొంగు నడుముకి దోపుకుని, రెండో చెయ్యి బండికి ఆనించి తానూ తొయ్యసాగింది.